మయస్థీనియా ఉన్న ఇంట్లో పంటి నొప్పి



పంటి నొప్పి ఎరుగని ఇల్లు ఉండదు. రాత్రంతా చెంప పట్టుకుని కూర్చోవడం, తెల్లవారగానే మందుల దుకాణానికి వెళ్లి రెండు రకాల మాత్రలు తెచ్చుకోవడం, నొప్పి తగ్గగానే పన్ను సంగతి మరచిపోవడం మన పల్లెల్లో మామూలే. చాలామందికి అది అలాగే గడిచిపోతుంది. అయితే అదే దుకాణంలోని అదే మాత్ర కొందరికి ఊపిరి మీదికి తెస్తుంది. వారు మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు ఉన్నవారు. ఈ నెల మన పేజీలో వారి పళ్లను గురించి మాట్లాడుకుందాం.

ఇది అరుదైన జబ్బు. మీ ఊరిలో ఒక్కరికీ ఉండకపోవచ్చు. కానీ ఉన్న ఇంటివారికి ఈ సంగతులు విడమరచి చెప్పేవారు తక్కువ. నరాల డాక్టరు జబ్బుకు మందు రాస్తారు గాని పంటి సంగతి అడగరు. పళ్ల డాక్టరు పన్ను చూస్తారు గాని, మనం చెప్పకపోతే జబ్బు సంగతి ఆయనకు తెలియదు. ఆ రెంటినీ కలపవలసింది రోగి, రోగి ఇంటివారు. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. వీరి విషయంలో పన్ను నొప్పి పెట్టేదాకా ఆగకూడదు. నొప్పి లేనప్పుడే, మాత్ర పనిచేసే వేళ చూసుకుని, జబ్బు పేరు ముందుగా చెప్పి, పన్ను బాగు చేయించుకోవాలి.

ఇది ఎటువంటి జబ్బు?

మనం చెయ్యి ఎత్తాలన్నా, మెతుకు నమలాలన్నా మెదడు నుండి నరం ద్వారా కండరానికి కబురు వెళ్లాలి. నరం చివర నుండి అసిటైల్ కోలీన్ అనే పదార్థం ఊరి కండరం మీద ఉన్న గ్రాహకాలకు తగులుతుంది. అప్పుడే కండరం కదులుతుంది. కాలువ నీరు తూముల గుండా పొలంలోకి వెళ్లినట్టు అనుకోండి. మయస్థీనియా ఉన్నవారిలో, రోగాలతో పోరాడవలసిన ప్రతిరక్షకాలే పొరపాటున ఈ తూములను మూసివేస్తాయి, పాడు చేస్తాయి. నీరు వస్తూనే ఉంటుంది గాని పొలానికి సరిగా అందదు.

అందువల్ల ఈ జబ్బుకు ఒక ప్రత్యేక లక్షణం ఉంది. పని చేసేకొద్దీ కండరం నీరసిస్తుంది, కాసేపు విశ్రాంతి ఇస్తే మళ్లీ కొంత కోలుకుంటుంది. ఉదయం బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి కనురెప్పలు వాలిపోతాయి, ఒక వస్తువు రెండుగా కనబడుతుంది, మాట ముక్కుతో మాట్లాడినట్టు అవుతుంది, తాగిన నీళ్లు ముక్కులోకి వస్తాయి. పొద్దున పొలానికి వెళ్లి వచ్చిన మనిషి రాత్రికి అన్నం ముద్ద నమలలేకపోతే, చూసేవారు బద్ధకం అనో నటన అనో అంటారు. అది బద్ధకమూ కాదు, నటనా కాదు. పక్షవాతమూ కాదు. ఒకరి నుండి ఒకరికి అంటుకునేదీ కాదు. ఏ వయసువారికైనా రావచ్చును గాని, నలభై ఏళ్లలోపు స్త్రీలలో, అరవై దాటిన పురుషులలో ఎక్కువగా కనబడుతుంది.

ఇది కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. ఇంగ్లండులో థామస్ విల్లిస్ అనే వైద్యుడు 1672లోనే, కొంతసేపు బాగా మాట్లాడి ఆ తర్వాత నోట మాట రాక ఆగిపోయే ఒక స్త్రీని గురించి రాశాడు. చాలాకాలం దీనికి మందు లేదు. 1934లో లండన్ దగ్గర గ్రీనిచ్‌లోని ఒక ఆసుపత్రిలో పనిచేసే మేరీ వాకర్ అనే డాక్టరమ్మ ఒక రోగికి ఫైసోస్టిగ్మిన్ అనే మందు సూది ద్వారా ఇచ్చింది. వాలిపోయిన రెప్ప లేచింది, మింగడం తేలికైంది. మందు పని తీరగానే మళ్లీ మొదటికి వచ్చినా, దారి తెలిసింది. ఈనాడు రోగులు వాడే పిరిడోస్టిగ్మిన్ మాత్ర ఆ జాతి మందే. ఇప్పుడు సరిగా మందులు వాడేవారిలో ఎక్కువమంది ఇంటి పని, వంట పని చేసుకుంటూ అందరిలా బతుకుతున్నారు.

నోటికి దీనికి ఏమి సంబంధం?

ఒక పూట భోజనంలో దవడలు ఎన్నిసార్లు ఆడతాయో ఎప్పుడైనా గమనించారా? నమలడం కండరాలకు పెద్ద పని. అందుకే ఈ జబ్బున్నవారు మొదటి నాలుగు ముద్దలు బాగానే తిని, తర్వాత ఆగిపోతారు. కొందరికి కింది దవడ వేలాడిపోతుంది. చేత్తో గడ్డం పట్టుకుని, దవడకు ఆసరా ఇచ్చుకుంటూ తింటారు. అలా తినే మనిషి కనబడితే, జబ్బు ఇంకా తెలియకపోయినా, ఒకసారి నరాల డాక్టరుకు చూపించడం మంచిది.

నాలుక, బుగ్గలు కూడా బలహీనపడతాయి. మామూలుగా మనం తిన్న తర్వాత నాలుకతో పళ్ల సందులను, బుగ్గల మూలలను తెలియకుండానే శుభ్రం చేసుకుంటాము. వీరి నాలుక అంత పని చేయలేదు. మెతుకులు బుగ్గ లోపల నిలిచిపోతాయి. నమలలేరు గనుక టీలో ముంచిన బిస్కట్లు, బన్ను, తీపి జావలు ఎక్కువగా తీసుకుంటారు. అవి పళ్లకు అంటుకుని ఉంటాయి. సాయంత్రానికి చేతులు కూడా అలసిపోతాయి గనుక పళ్లు తోముకోవడం తప్పిపోతుంది. ఇలా పళ్లు పుచ్చిపోతాయి, చిగుళ్ల దగ్గర గార పడుతుంది.

ఇంకొక సంగతి. పుచ్చు పన్ను, చీము పట్టిన చిగురు ఒంట్లో ఇన్ఫెక్షను. ఇన్ఫెక్షను ఎక్కడ ఉన్నా మయస్థీనియా ముదురుతుంది. ఊపిరి అందని స్థితికి చేరిన రోగులలో చాలామందికి ముందుగా ఏదో ఒక ఇన్ఫెక్షను వచ్చి ఉంటుంది. జబ్బు వల్ల పళ్లు చెడతాయి, చెడిన పళ్ల వల్ల జబ్బు పెరుగుతుంది. ఈ చుట్టును పళ్ల దగ్గర తెంచడం తేలిక.

ఇంట్లో రోజూ చేయవలసినవి

పళ్లు తోమే వేళను మాత్ర వేళతో కలపండి. పిరిడోస్టిగ్మిన్ మాత్ర వేసుకున్న అరగంట, ముప్పావు గంటకు పని మొదలుపెట్టి, మూడు నాలుగు గంటలు పని చేస్తుంది. ఉదయం మాత్ర పట్టుకున్న తర్వాత ఒకసారి, రాత్రి భోజనం అయ్యాక ఒకసారి తోముకోవాలి. నిలబడి కాదు, కూర్చుని, మోచెయ్యి బల్ల మీదో మోకాలి మీదో ఆనించుకుని తోముకుంటే చెయ్యి అంత అలసిపోదు. బ్రష్షు మెత్తనిది కావాలి. పిడి సన్నగా ఉండి పట్టు చిక్కకపోతే దాని చుట్టూ గుడ్డ చుట్టి దారంతో కట్టండి. సైకిలు ట్యూబు ముక్క తొడిగినా సరిపోతుంది. బ్యాటరీతో నడిచే బ్రష్షులు కూడా దొరుకుతున్నాయి. కొనగలిగినవారికి అవి బాగా ఉపయోగం. ఫ్లోరైడు ఉన్న పేస్టు వాడండి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు పలుకులతో రుద్దితే పంటి మీది పింగాణీ పొర అరిగిపోతుంది. వేపపుల్ల వాడుకే అలవాటైనవారు ఒక మాట గమనించండి. పుల్లను నమిలి మెత్తగా చేసేసరికే వీరి దవడలు అలసిపోతాయి, ఆ తర్వాత తినడానికి బలం మిగలదు.

తిన్న ప్రతిసారీ నోరు పుక్కిలించాలి. అయితే తల వెనక్కి వాల్చి గొంతులో గరగరలాడించవద్దు. నీళ్లు ఊపిరి గొట్టంలోకి జారి పొలమారుతుంది. ముందుకు వంగి, కొద్ది నీళ్లతో పుక్కిలించి వదిలేయాలి. పుక్కిలించే బలం లేనప్పుడు ఇంటివారు శుభ్రమైన తడిగుడ్డ వేలికి చుట్టుకుని బుగ్గల లోపల నిలిచిన మెతుకులు తీసివేయవచ్చు. చంటిబిడ్డకు చేసినట్టే. ఇందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

భోజనం కూడా మాత్ర వేళకు తగ్గట్టు ఉండాలి. డాక్టరు చెప్పిన మాత్రను భోజనానికి అరగంట, ముప్పావు గంట ముందు వేసుకుంటే నమలడానికి, మింగడానికి బలం ఉంటుంది. నమలవలసిన ఆహారం ఉదయం, మధ్యాహ్నం పెట్టుకుని, రాత్రికి మెత్తగా పిసికిన పప్పన్నమో, పెరుగన్నమో, ఇడ్లీయో పెట్టండి. ఉడికించిన గుడ్డు చిదిపి పెట్టవచ్చు. తీపి లేని రాగిజావ మంచిది. పొగాకు, గుట్కా, చుట్ట ఎవరికైనా చెరుపే. చిగుళ్లు బలహీనంగా ఉన్నవారికి మరీ చెరుపు.

పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి?

ఆరు నెలలకు ఒకసారి, నొప్పి ఉన్నా లేకపోయినా. చిన్న పుచ్చును పది పదిహేను నిమిషాలలో పూడ్చవచ్చు. అదే పన్ను నరందాకా చెడితే రూట్ కెనాల్ అని గంటల తరబడి, పలుమార్లు నోరు తెరచి కూర్చోవాలి. దవడ కండరాలు అలసిపోయే మనిషికి ఆ తేడా ఎంతో మీరే ఊహించండి. పుచ్చినది పళ్ల పురుగు అనుకుని, సంతలో పొగ వేయించి పురుగు తీయించుకునే అలవాటు ఇంకా అక్కడక్కడా ఉంది. పంటిలో అటువంటి పురుగు ఉండదు. ఆ పొగ, ఆ దగ్గు వీరికి ఎంతమాత్రం మంచిది కాదు.

వెళ్లవలసిన రోజున ఉదయం మొదటి వేళ అడగండి. మాత్ర వేసుకున్న ఒక గంట నుండి రెండు గంటలలోపు కుర్చీలో కూర్చునేట్టు చూసుకోండి. మీ ఊరినుండి బస్సు ప్రయాణమే రెండు గంటలైతే, మాత్ర ఇంటి దగ్గర వేసుకుని బయలుదేరవద్దు. నరాల డాక్టరును ముందే అడిగి ఆ రోజు మాత్ర వేళలు కాగితం మీద రాయించుకోండి. వరుసలో కూర్చోబెడితే, మందు వేళ దాటిపోతుందని నెమ్మదిగా చెప్పి ముందుగా పంపమని అడగండి. పని ఎక్కువ ఉంటే ఒకే రోజు అంతా చేయించుకోక, కొంచెం కొంచెంగా నాలుగుసార్లు చేయించుకోవడం మేలు. ఆ రోజు కనురెప్పలు బాగా వాలి, మింగడం కష్టంగా ఉంటే, జ్వరంగా ఉంటే, అత్యవసరం కాని పనిని వాయిదా వేయించుకోండి.

జబ్బు అదుపులో ఉన్నవారు తమ పట్టణంలోని పళ్ల డాక్టరు దగ్గరే మామూలు పనులు చేయించుకోవచ్చు. మింగడంలో గాని ఊపిరిలో గాని ఇబ్బంది ఉన్నవారు, ఎక్కువ పళ్లు తీయించుకోవలసినవారు, నరాల డాక్టరు, ఊపిరి యంత్రం ఉన్న పెద్ద ఆసుపత్రిలోనే చేయించుకోవాలి. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. మీ నరాల డాక్టరు నుండి చీటీ రాయించుకుని వెళితే అక్కడివారికి పని తేలిక అవుతుంది.

కుర్చీలో కూర్చున్నాక

పళ్ల డాక్టరు కుర్చీని పూర్తిగా వెనక్కి పడుకోబెడితే ఉమ్మి, నీళ్లు గొంతులోకి జారుతాయి. మింగే బలం, దగ్గే బలం తక్కువ ఉన్నవారికి అది ప్రమాదం. సగం కూర్చున్నట్టు ఉంచమని అడగండి. నోట్లోని నీటిని గొట్టంతో ఎప్పటికప్పుడు పీల్చివేయమని చెప్పండి. నోరు తెరచి ఉంచడానికి పళ్ల మధ్య పెట్టే రబ్బరు దిమ్మ ఉంటుంది. దాని మీద పళ్లు ఆనించుకుంటే దవడకు శ్రమ తగ్గుతుంది. మధ్యమధ్య ఆపి విశ్రాంతి ఇవ్వమనండి. నోట్లో పరికరం ఉండగా మాట్లాడలేరు గనుక, చెయ్యి ఎత్తితే ఆపాలి అని ముందే గుర్తు పెట్టుకోండి.

పన్ను తీయడానికి మొద్దుబారే సూది వేస్తారు. మామూలుగా వాడే లిగ్నోకైన్‌ను తగిన మోతాదులో వీరికి ఇవ్వవచ్చు. ప్రొకైన్ వంటి పాత రకం మందులు పిరిడోస్టిగ్మిన్ వాడేవారి ఒంట్లో త్వరగా విరగవు గనుక వాటిని వాడరు. ఒకే రోజున కింది దవడ రెండు పక్కలా మొద్దుబారేట్టు చేయకపోతే మంచిది. మింగడం ఇంకా కష్టమవుతుంది. భయం పోవడానికని నిద్రమత్తు మాత్రలు, సూదులు ఇస్తామంటే నరాల డాక్టరును అడగకుండా ఒప్పుకోవద్దు. అవి ఊపిరిని తగ్గించగలవు. భయం కూడా నీరసాన్ని పెంచుతుంది గనుక, ధైర్యం చెప్పే మనిషి ఒకరు పక్కన ఉండాలి.

ఏ మందులు కూడవు?

ఈ భాగాన్ని జాగ్రత్తగా చదవండి. వీలైతే కత్తిరించి దాచుకోండి.

మన పల్లెల్లో పంటి నొప్పి అనగానే ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన మాత్ర చేతిలో పెడతారు. జ్వరం, చీము ఉంటే జెంటామైసిన్ సూది వేస్తారు. ఈ రెండూ మయస్థీనియా ఉన్నవారికి ప్రమాదకరమే. ఒఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ ఒకే జాతి మందులు. ఈ జాతి మందులు మయస్థీనియాను ముదిరిస్తాయని 2011లో అమెరికా మందుల సంస్థ వాటి సమాచార పత్రాలలో తీవ్రమైన హెచ్చరిక వేయించింది. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ సూదులు నరం నుండి కండరానికి వెళ్లే కబురును ఇంకా తగ్గిస్తాయి. అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ మాత్రలతో కూడా జబ్బు ముదిరిన సందర్భాలున్నాయి. మెగ్నీషియం సూది, కండరాలు సడలడానికి ఇచ్చే మందులు, దవడ నొప్పికని వేసే బొటాక్స్ సూది కూడా కూడవు.

మరి పన్ను చీము పడితే ఏమి వాడాలి? పడని అలవాటు లేనివారికి అమాక్సిసిలిన్ వంటి పెనిసిలిన్ జాతి మందులను డాక్టర్లు సాధారణంగా ఎంచుకుంటారు. నొప్పికి పారాసిటమాల్ చాలు. స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి మిగతా నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు తేగలవు. ఏ మందైనా మోతాదు డాక్టరు చెప్పాలి, మేము గాని దుకాణంవారు గాని చెప్పకూడదు.

ఇక్కడ ఇంకొక ఇబ్బంది ఉంది. ఊళ్లో మనకు రోజూ అక్కరకు వచ్చే ఆర్.ఎం.పి. గారు సూది తీస్తే వద్దనడానికి మొహమాటం. ఆయన "ఏం ఫర్వాలేదమ్మా, అందరికీ వేసేదే" అంటారు. అప్పుడు ఇలా అనవచ్చు: "మీ మీద నమ్మకం లేక కాదండీ డాక్టరు గారూ. మా అత్తయ్యకున్న జబ్బుకు కొన్ని మందులు పడవని పెద్దాసుపత్రిలో రాసి ఇచ్చారు. ఈ కాగితం ఒక్కసారి చూసి, పడే మందేదో మీరే చెప్పండి." కాగితం చూపిస్తే ఎవరికీ కోపం రాదు.

ఆ కాగితాన్ని ఇవాళే రాసి పెట్టుకోండి. మొదటి వరుసలో "నాకు మయస్థీనియా గ్రావిస్ అనే కండరాల జబ్బు ఉంది" అని రాయండి. తర్వాత వాడుతున్న మాత్రలు, వాటి వేళలు, పైన చెప్పిన కూడని మందుల పేర్లు, నరాల డాక్టరు ఫోను నంబరు, ఇంటివారి ఫోను నంబరు. మీ నరాల డాక్టరుతో సరిచూపించి, చదువుకున్న పిల్లలతో ఇంగ్లీషులో కూడా రాయించండి. ఒకటి రోగి దగ్గర, ఒకటి ఇంట్లో, ఒకటి పళ్ల డాక్టరు దగ్గర ఉండాలి.

వాడుతున్న మందుల సంగతి

చాలామంది రోగులు పిరిడోస్టిగ్మిన్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటారు. వీటివల్ల గాయం ఆలస్యంగా మానుతుంది, నోట్లో తెల్లని పూత వస్తుంది, చక్కెర జబ్బు బయటపడుతుంది. అలాగని పన్ను తీయించుకునే రోజున స్టెరాయిడ్ మాత్ర ఆపివేయడం పెద్ద ప్రమాదం. ఎంతోకాలంగా అది వాడిన ఒంటికి కష్టకాలంలో కావలసిన పదార్థాన్ని తానుగా తయారుచేసుకునే శక్తి తగ్గి ఉంటుంది. మోతాదు మార్చాలా వద్దా అన్నది డాక్టర్లిద్దరూ మాట్లాడుకుని చెప్పాలి.

అజాథయోప్రిన్ వంటి మాత్రలు వాడేవారికి రక్తకణాలు తగ్గవచ్చు గనుక పన్ను తీయడానికి ముందు రక్త పరీక్ష చూసుకోవాలి. సైక్లోస్పోరిన్ వాడితే చిగుళ్లు ఉబ్బి పళ్ల మీదికి పెరగవచ్చు. స్టెరాయిడ్ వల్ల గుల్లబారిన ఎముకలకు వారానికొక అలెండ్రోనేట్ మాత్ర గాని, జోలెడ్రోనిక్ యాసిడ్ సూది గాని ఇస్తారు. అవి వాడేవారికి పన్ను తీసిన చోట దవడ ఎముక మానకపోయే ప్రమాదం కొంత ఉంది. కాబట్టి ఈ మందులు మొదలుపెట్టక ముందే, రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథికి ఆపరేషను అనుకున్నప్పుడు ఆపరేషనుకు ముందే, చెడిన పళ్లను బాగు చేయించుకోవడం తెలివైన పని.

కట్టుడు పళ్లు

"ఉన్నవన్నీ పీకించి కట్టుడు పళ్లు పెట్టించుకుంటే పీడ వదులుతుంది" అని కొందరు పెద్దలు అంటారు. మయస్థీనియా ఉన్నవారు అలా తొందరపడవద్దు. కట్టుడు పళ్లు నోట్లో నిలవాలంటే పెదవులు, బుగ్గలు, నాలుక వాటిని పట్టి ఉంచాలి. ఆ పట్టే ఇక్కడ తక్కువ. పైసెట్టు జారుతుంటే పట్టి ఉంచడానికే కండరాలు అలసిపోతాయి. కదిలే పన్నునైనా బాగు చేయించి నిలుపుకోవడం మంచిది. తప్పనిసరి అయితే పెదవికి, గొంతుకు అడ్డు రాకుండా, అంచులు పొట్టిగా, సరిగా అతికేట్టు చేయించుకోవాలి. రాత్రి తీసి, కడిగి, నీళ్లలో ఉంచాలి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన గుర్తులు

పంటి చీము పట్టినప్పుడు గాని, పన్ను తీయించుకున్న తర్వాత గాని, కొత్త మందు వేసుకున్న తర్వాత గాని ఈ గుర్తులు కనబడితే తెల్లవారేదాకా ఆగవద్దు. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగిపోవడం, ఒకే ఊపిరిలో 20 దాకా లెక్కపెట్టలేకపోవడం, ఉమ్మి మింగలేక చొంగ కారడం, దగ్గులో బలం లేకపోవడం, వెల్లకిలా పడుకోలేకపోవడం, మెడ వాలిపోవడం. వీటిలో ఏది కనబడినా 108కి ఫోను చేసి ఊపిరి యంత్రం ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నోట్లో నీళ్లు, పాలు పొయ్యవద్దు. కూర్చోబెట్టి తీసుకువెళ్లండి. నీరసంగా ఉందని పిరిడోస్టిగ్మిన్ మాత్రలు మీ అంతట మీరు ఎక్కువ వేయవద్దు. ఆ మాత్ర ఎక్కువైనా చొంగ, కడుపునొప్పి, విరేచనాలతో పాటు నీరసమే వస్తుంది. సమయానికి చేరితే ఈ గండం నుండి ఎక్కువమంది బయటపడతారు.

ఇంటివారికి, సంఘంవారికి

ఈ జబ్బున్నవారు ఆరాధనలో మొదటి పాట పాడి, రెండవ పాటకు ఊరుకుంటే భక్తి తగ్గిందని అనుకోవద్దు. గొంతు అలసిపోయింది, అంతే. ప్రేమవిందులో వారి విస్తరి ముందుగా ఖాళీ కాకపోతే తొందరపెట్టవద్దు. తింటున్నప్పుడు మాట్లాడించవద్దు. స్త్రీల సమాజంవారు ఒక పని చేయగలరు. ఆరు నెలలకు ఒకసారి అటువంటి అక్కను గాని అమ్మను గాని పళ్ల డాక్టరు దగ్గరికి వెంటబెట్టుకుని వెళ్లండి. బస్సులో పక్కన కూర్చోవడానికి, మాత్ర వేళ గుర్తు చేయడానికి, కాగితం చూపించడానికి ఒక మనిషి తోడు ఉంటే చాలు, చాలామంది వెళ్లగలుగుతారు. మాత్రలు మానివేసి ప్రార్థన మీదనే ఉండమని ఎవరైనా చెబితే వినవద్దు. ప్రార్థన చేసుకోవడం, మాత్ర వేసుకోవడం ఒకదానికొకటి అడ్డం కాదు.

ఈ పేజీ చదవడం అయిన తర్వాత మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఈ జబ్బున్నవారు ఉంటే ఒక్క ప్రశ్న అడగండి: "నొప్పి లేకుండా పళ్ల డాక్టరుకు చూపించుకుని ఎన్నాళ్లయింది?" ఆరు నెలలు దాటితే, వచ్చే వారం ఉదయం వేళ ఒకటి అడిగి పెట్టండి. కాగితం రాయడానికి మాత్రం వచ్చే వారందాకా ఆగవద్దు.